మూడో బండి

“బస్సు వద్దు. బస్సుల పోతే తీర్థయాత్ర ముసలోళ్ల లెక్క ఉంటది. సుమోలెట్ల, స్కార్పియోలెట్ల, అన్నీ అడుగు. నీకు హిందీ వచ్చు గదా,” అన్నాడు రవీందర్ పళ్లెంలోంచి తలెత్తకుండా.

అడుగుతూనే ఉంది కళావతి. సెల్‌ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, రెండు చేతులా మసిగుడ్డ పట్టుకుని, అన్నం గిన్నె వంచి గంజి వారుస్తోంది. ఫోన్లో గోరఖ్‌పూర్ నుంచి మిశ్రాజీ అనే బండ్ల ఏజెంటు. ఎంతమంది, నేపాల్‌లో ఎక్కడెక్కడ తిరుగుతారు, ముసలివాళ్లున్నారా, చంటిపిల్లలున్నారా అని అతను అడుగుతుంటే ఒక్కొక్కటే చెబుతోంది. గంజి ఆవిరి మొహానికి కొడుతోంది. “ఏదో చప్పుడు వస్తోంది, ఆఫీసులో ఉన్నారా మేడమ్?” అన్నాడతను. “అవునండీ, ఆఫీసులోనే,” అంది కళావతి.

మామగారు పిచ్చయ్య బొగ్గుబాయిలో పనిచేసి ఆ ఏడే రిటైరయ్యాడు. ఎప్పుడో నడివయసులో బాయి కప్పు కూలి, బండల కింద ఇరుక్కుని బతికి బయటపడ్డప్పుడు మొక్కుకున్నాడట, భద్రాచలంలో ముంచిన గోదారి నీళ్లు తీసుకెళ్లి నేపాల్‌లో పశుపతినాథుడికి ఇస్తానని. అక్కడ గొడవలు సద్దుమణిగాయని పేపర్లో చూడగానే ఆ మొక్కు మళ్లీ లేచి కూర్చుంది. ఒక్కడే పోతే పుణ్యం ఒక్కడికే వస్తుందని, కొడుకులు, కోడళ్లు, కూతురు, అల్లుడు, తమ్ముడు, మరదలు, మనవలు, అందరూ రావాల్సిందేనన్నాడు. లెక్కేస్తే ఇరవైకి ఒక్కరు తక్కువ. మణుగూరు కాలనీ అంతా పిచ్చయ్య ఇంటోళ్లు ఫారిన్ పోతున్నరని చెప్పుకుంది. “నేపాల్ గూడ ఫారినేనా?” అని పక్క క్వార్టర్ రామక్క మూతి విరిస్తే, “పాసుపోర్టు అడగని ఫారిన్,” అని పిచ్చయ్యే నవ్వాడు.

పోదామన్న నిర్ణయం మగవాళ్లది. పని కళావతిది. ఎందుకంటే ఆ ఇంట్లో హిందీ వచ్చింది ఆమెకొక్కదానికే. దమ్మపేట దగ్గర పల్లెలో, నాట్లకూ కలుపులకూ పోయే ఇంట్లో పుట్టి, పదో తరగతి దాటిన మొదటి మనిషి. హిందీ పండిట్ ట్రైనింగ్ చేసి, బూర్గంపాడు దాటాక అడవి అంచున ఉన్న ఊళ్లో టీచరైంది. “ఆవు గడ్డి తింటదని హిందీల చెప్తే గవర్నమెంటు జీతమిస్తదంట,” అని అత్తగారింట్లో ఏళ్ల తరబడి ఎగతాళి చేశారు. బండ్లు మాట్లాడాల్సి వచ్చేసరికి ఆ హిందీకి ఉన్నట్టుండి విలువ పెరిగింది. హిందీకే. ఆమెకు కాదు. సాయంత్రం బడి బస్సు దిగి ఇంటర్నెట్ సెంటర్లో బండ్ల ఫొటోలు చూసి, ఇంటికొచ్చి పొయ్యి ముట్టించి, పొయ్యి మీద కూర ఉడికేలోపు ఫోన్లు చేసేది. ఏ బండికి సరిహద్దు దాటే పర్మిట్ సులువు, ఏది ఘాట్ ఎక్కుతుంది, ఏ బండికి పైన గట్టి క్యారియర్ ఉంటుంది, సుమోలో వెనక అడ్డంగా ఉండే సీట్లలో కూర్చుంటే ఎవరికి వాంతులవుతాయి, అన్నీ ఆమెకు కంఠతా వచ్చేశాయి. అన్నం పెడుతూ చెబితే రవీందర్ వినేవాడు. మర్నాడు తమ్ముడు రాంబాబుతో తనే కనుక్కున్నట్టు చెప్పేవాడు.

నిజానికి ఆమెకు బస్సే నచ్చింది. బస్సుకు పెద్ద పెద్ద కిటికీలుంటాయి, ఎంత చివరన కూర్చున్నా ఒకటి దొరుకుతుంది. పధ్నాలుగేళ్లుగా ఏడో తరగతికి హిమాలయాల పాఠం చెబుతోంది. ‘బర్ఫ్, అదే మంచు, ఎట్లుంటది టీచర్?’ అని అడవి పల్లెల పిల్లలు అడిగితే, బడి ముందుకొచ్చే ఐసు డబ్బా మూత తీయించి, అంచున పట్టిన తెల్లటి పొర చూపించింది. అంతకు మించి ఆమెకూ తెలియదు. ఒక్కసారి, కిటికీ పక్కన కూర్చుని, ఒళ్లో ఎవరి తలా లేకుండా, చేతిలో ఎవరి గిన్నే లేకుండా ఆ తెల్ల కొండను చూడాలి. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. నవ్వుతారని కాదు. బయటికి చెబితే ఆ కోరికను కూడా ఎవరికో ఒకరికి సర్దేయాల్సి వస్తుందని.

ఆదివారం పొద్దున పిచ్చయ్య, కళావతి సంచిలోంచి సుద్దముక్క తీసుకుని వరండాలో రెండు పెద్ద డబ్బాలు గీశాడు. ఒకటి ఏసీ స్కార్పియో, ఒకటి సుమో. వాటిలో చింతగింజలు పేర్చడం మొదలుపెట్టాడు. “ఏసీ బండ్ల ముందు సీటు అల్లునిది. అల్లుణ్ని వెనక గూసోబెడితే రేపు నన్ను నలుగురు అడుగుతరు.” కూతురు శ్రీదేవి మొగుడు వాసు, “నాకేం మామయ్యా, యాడైనా పర్వాలే,” అంటూనే ఆ గింజను ఇంకాస్త ముందుకు జరిపాడు. మగవాళ్లంతా ఆ బండిలోనే, ముచ్చట్లు పెట్టుకోవడానికి. ఆడవాళ్లూ పిల్లలూ సుమోలో. సుమో ముందు సీటు మోకాళ్ల నొప్పుల చిన్నత్తది. నడిమి సీట్లో ఒక కిటికీ అత్తగారు సుశీలమ్మది, గోదారి నీళ్ల చెంబు ఒళ్లో పెట్టుకోవాలి కనుక. “మలుపులొస్తే నాకు తిప్పుతది వదినా, రెండో కిటికీ నాకే,” అంది శ్రీదేవి. వెనక అడ్డం సీట్లలో పిల్లలు, రాంబాబు పెళ్లాం సుజాత, ఆమె చంటివాడు.

“ఒక గింజ మిగిలింది,” అంది కళావతి, పిడికిలి తెరిచి.

“ఎవరిదది?” అన్నాడు వాసు.

“నాదే అన్నయ్యా.”

అందరూ నవ్వారు. ఆమే నవ్వింది. “నీదేముంది, పిల్లల నడుమ యాడనో సర్దుకుంటవు తియ్,” అన్నాడు రవీందర్.

అవును, సర్దుకుంటుంది. పెళ్లయిన కొత్తలో రెండు గదుల క్వార్టర్లో, తలుపు లేని వంటింట్లో పడుకుని సర్దుకుంది. నెలలు నిండాక కూడా బస్సులో నిలబడి బడికి పోయి సర్దుకుంది. స్రవంతి పుట్టిన మూడో నెలలో పాలతో జాకెట్టు తడిస్తే, హాజరుపట్టీ గుండెలకు అడ్డం పెట్టుకుని పాఠం చెప్పి సర్దుకుంది. సర్దుకోవడం రాని వాళ్ల కోసం ప్రపంచంలో సీట్లుంటాయి. సర్దుకోవడం వచ్చిన వాళ్లు ఆ సీట్ల మధ్య సందుల్లో ఉంటారు.

అప్పటిదాకా పప్పు చెరుగుతూ కూర్చున్న సుశీలమ్మ చాట కింద పెట్టింది. “ఇంకో డబ్బా గియ్యండి. మూడో బండి గావాలె.”

“ఎందుకే? పెట్టెలు పైన కట్టొచ్చు గదా,” అన్నాడు పిచ్చయ్య.

“పైన బియ్యం, పొయ్యి, గిన్నెలుంటయి. ఈడున్న ఆడోళ్లు ముగ్గురున్నరు. ఆపే గోలీలైతే మింగిస్త. అయినా తోవల ఎవరన్న బయట జేరితే? దేవుని నీళ్లున్న బండ్ల గూసోబెడతనా? పెట్టెలు, దుప్పట్లు మూడో బండ్ల ఎయ్యండి. బయట జేరినోళ్లు అండ్లనే గూసుంటరు.”

“ఆ నీళ్లేవో మా బండ్ల పెట్టరాదే అమ్మా?” అన్నాడు రాంబాబు.

“మీ బండ్ల సీసాలుంటయిరా. దేవుని నీళ్లు సీసాల పక్కన పెట్టమంటవా?”

మగవాళ్లంతా గొల్లుమన్నారు. సీసాలకు వేరే బండి మాట్లాడమని మాత్రం ఎవరూ అనలేదు.

ఆ సాయంత్రం ఫోన్లో మిశ్రాజీ ఆశ్చర్యపోయాడు. “ఇంతమందికి రెండు బండ్లు చాలు మేడమ్, మూడోది దేనికి?” ఇన్నేళ్లు హిందీ చెప్పిన కళావతికి ఆ మొగాడితో ఆ మాట ఏ భాషలో చెప్పాలో తెలియలేదు. “సామాన్ల కోసం,” అంది.

బడిలో ఆయా జంపక్కకు ఈ మూడో బండి సంగతి చెబితే పడీపడీ నవ్వింది. జంపక్క కోయగూడెం మనిషి. వాళ్ల ఊరి చివర, నెలసరి రోజుల్లో ఆడవాళ్లు ఉండే గుడిసె ఒకటుంది. బడిలో చేరిన కొత్తలో కళావతి ఆ గుడిసె తప్పని ఆడపిల్లలకు పెద్ద ఉపన్యాసమే ఇచ్చింది. “మా గుడిసె ఊరి చివర ఉంటది, మీది నాలుగు చక్రాల మీద తిరుగుతదా టీచరమ్మా!” అని కొంగుతో కళ్లు తుడుచుకుంది జంపక్క. నవ్వు ఆపుకుని, “వానొస్తే మాది కారుతది. పురుగూ పుట్రా. మంచిదని నేను చెప్ప. కానీ పడుకోనిస్తది,” అంది.

ప్రయాణం దగ్గర పడ్డాక సుశీలమ్మ గోలీల అట్టలు తెచ్చి ముగ్గురికీ పంచింది. అట్ట చేతిలో పడగానే కళావతికి రెండేళ్ల కిందటి సంగతి గుర్తొచ్చింది. మరిది గృహప్రవేశానికి ఆ గోలీలే మింగి నెలసరి ఆపింది. తర్వాత అది వచ్చి ఆగలేదు. నల్లబోర్డు మీద రాస్తూ రాస్తూ పడిపోతే జంపక్కే పట్టుకుంది. భద్రాచలం దవాఖానాలో డాక్టరమ్మ కోప్పడింది, ఇంకెప్పుడూ వీటి జోలికి పోవద్దని. ఆ మాటే రవీందర్‌తో అంది.

“డాక్టర్లు అట్లనే అంటరు. శ్రీదేవి మింగుతలేదా, సుజాత మింగుతలేదా? ఒక్క గోలికి గింత రాద్ధాంతమా?”

“నాకు పడలేదు గదండీ అప్పుడు...”

“అమ్మ మనసు బాధపెట్టకు. నాయిన మొక్కు ఇది. నా మాట గాదు.”

ఎవరి మాటా కాదు. ఆ ఇంట్లో ఏ మాటకూ ఎవరూ సొంతదారులుండరు. భర్త మాట అమ్మది, అమ్మ మాట దేవుడిది, దేవుడు వచ్చి మాట్లాడడు. కళావతి అందరి ముందూ గోలీ మింగి నీళ్లు తాగింది. రాకపోతేనే మంచిదని కూడా అనుకుంది. మూడో బండిలోకి పోతే ఇక కొండ ఏం చూస్తుంది?

ఖమ్మంలో గోరఖ్‌పూర్ రైలెక్కిన మర్నాటికి ఆమెకు వాంతులు మొదలయ్యాయి. మింగిన గోలీ మింగినట్టే బయటికొచ్చేది. కాళ్లు బిగుసుకుపోయేవి. అందరికీ పులిహోర పొట్లాలు పంచి, పిల్లల మూతులు కడిగి, వాష్‌బేసిన్ దగ్గరికెళ్లి కక్కుకుని వచ్చి, మళ్లీ పెరుగన్నం కలిపింది. మనసు ఎదిరించలేనిదాన్ని కడుపు ఎదిరిస్తోంది. ఆ ధైర్యం తనది కాదన్నట్టు చూస్తూ ఉండిపోయింది.

గోరఖ్‌పూర్‌లో మూడు బండ్లూ ఆమె మాట్లాడినట్టే వచ్చి నిలబడ్డాయి. స్కార్పియో, సుమో, సామాన్లకు ఒక పాత బొలేరో. మిశ్రాజీ వచ్చి, “ఫోన్లో మాట్లాడిన మేడమ్ ఎవరు?” అని అడిగితే, రవీందర్ ముందుకెళ్లి చెయ్యి కలిపాడు. సుమో వెనక అడ్డం సీట్లో, పిల్లల మోకాళ్ల మధ్య, వాంతుల కవర్లు పట్టుకుని సర్దుకుంది కళావతి. సునౌలి సరిహద్దులో పర్మిట్ కాగితాల కోసం బండ్లు ఆగాయి. ఆఫీసులో హిందీ మాట్లాడి కాగితాలు చేయించింది ఆమే. బయటికొచ్చి మెట్లు దిగుతుంటే తెలిసింది. నడుంలోంచి జారుతున్న ఆ పాత నొప్పి. అక్కడ నుంచుని, ఇవతల ఇండియా, అవతల నేపాల్, ఇప్పుడెవరికి చెప్పాలని ఒక్క క్షణం చూసింది. దాచేద్దామా? పోఖరా దాకా ఆరేడు గంటల దారి, అత్తగారి ఒళ్లో గోదారి నీళ్లు. దేవుడి భయం కాదు. మామగారు బండల కింద పడి ఉన్నప్పుడు పట్టుకున్న మొక్కు అది. ఏదైనా జరిగితే జీవితాంతం తన పేరే చెబుతారు. వెళ్లి సుశీలమ్మ చెవిలో చెప్పింది.

సుశీలమ్మ చెవిలో చెప్పలేదు. “నాకు తెలుసు, గీ పిల్లతోనే వస్తదని! గోలీలు ఇస్తే సక్కగ మింగిందో లేదో!”

స్కార్పియో అద్దాలు దిగాయి. వాసు మొహం తిప్పుకుని సిగరెట్ వెలిగించాడు. చిన్నమామ దగ్గాడు. రవీందర్ మెల్లగా దగ్గరికొచ్చి, దూరంగా ఆగి, “నీకు ముందే తెల్వదా?” అన్నాడు. ముందే తెలిసేదైతే నీకు చెప్పేదాన్నా, అనుకుంది కళావతి. పద్దెనిమిది మంది ముందు ఆమె ఒంట్లోంచి ఏం పోతోందో అందరికీ తెలుసు. గోరఖ్‌పూర్ డ్రైవర్లకు కూడా. ఆమె కన్నీళ్లు మాత్రం ఎవరికీ కనబడకూడదని ఎండలోకి తిరిగి నిలబడింది.

పరాయి డ్రైవర్‌తో ఆడమనిషిని ఒంటరిగా ఎలా పంపడం? తాను పెట్టెల బండిలో రానని రవీందర్ నోటితో అనలేదు, స్కార్పియో ఎక్కి కూర్చున్నాడు. “స్రవంతిని పంపుండ్రి. ఇంకా పెద్దమనిషి గాలే, దానికేం మైల అంటది,” అని సుశీలమ్మే తేల్చింది. పదకొండేళ్ల స్రవంతి పరుగున వచ్చి బొలేరో ముందు సీట్లోకి ఎగబాకింది. డ్రైవర్ పూల్‌సింగ్, తల నెరిసిన మనిషి, నడిమి సీటు నిండా పేర్చిన పెట్టెలను చూసి, “ఆప్ ఆగే బైఠియే, బహన్‌జీ,” అని ఎడమ వైపు తలుపు తీశాడు.

ముందు సీటు. కిటికీ. పధ్నాలుగేళ్ల కాపురంలో ఎవరూ ఆమెకు తలుపు తీసి పట్టుకోలేదు.

బండి కదిలింది. ఆ దారంతా ఆమెను ఎవరూ పిలవలేదు. నీళ్ల సీసా ఏదని, మామిడికాయ తొక్కు ఏ సంచిలో ఉందని, చంటోడికి తుడవమని ఒక్కరూ పిలవలేదు. పిలవకూడదు కూడా. మొదట చేతులు ఏం చేయాలో తెలియక ఒళ్లో పెట్టుకుంది, తీసింది, మళ్లీ పెట్టుకుంది. తర్వాత నిద్రపోయింది. ఎప్పుడు పోయిందో తెలియదు. స్రవంతి కుదిపితే లేచింది. “అమ్మా, అటు సూడు! మబ్బు కదుల్తలేదు!”

మబ్బు కాదు. పోఖరా ఇంకా కాస్త దూరం ఉందనగా, పచ్చటి గుట్టల నెత్తి మీద, ఆకాశంలో ఎక్కడో ఉండాల్సినంత ఎత్తులో నిలబడి ఉంది కొండ. ఐసు డబ్బా మూతతో ఏమీ సంబంధం లేదు దానికి. సాయంత్రపు ఎండ పడి ఒక పక్క బంగారంలా, ఒక పక్క నీలంగా ఉంది. కళావతి అద్దం పూర్తిగా దించింది. పిల్లలకు తప్పు చెప్పానే అనుకుంది. ఇన్నేళ్లూ తప్పు చెప్పానే అనుకుంటూ, కళ్లు తుడుచుకుని నవ్వింది. పూల్‌సింగ్ బండి నెమ్మది చేశాడు.

“అమ్మా, నేను పెద్దమనిషి అయినంక నాక్కూడ గీ బండేనా?” అంది స్రవంతి. “ఏ, మంచిగుంది గీ బండి. సుమోల అయితే ఏం కనబడది.”

కొండ అక్కడే ఉంది. కళావతికి మాత్రం కాసేపు కనబడలేదు. ఏం చెప్పాలి ఈ పిల్లకు? కాదు తల్లీ, ఇది శిక్ష అని చెప్పాలా? శిక్షలో కిటికీ ఎందుకుందని అడిగితే? మంచిదేనని చెప్పాలా? “కొండను సూడు,” అంది.

పోఖరా సత్రానికి పోయేసరికి సుజాత పొయ్యి ముందు ఉంది. ఒక్కతే. కళావతి ముట్టుకోకూడదు, శ్రీదేవి ఆడబిడ్డ కనుక పొయ్యి దగ్గరికి రాదు, చిన్నత్తకు మోకాళ్లు. ఇద్దరు వంచే పెద్ద గిన్నె ఒక్కతే వంచుతోంది. చంటివాడు ఏడుస్తూ ఆమె కొంగు పట్టుకుని వేలాడుతున్నాడు. స్కార్పియో జనం గదిలో పేకాట వేసుకుంటూ, “అన్నమైందా?” అని కేకేస్తున్నారు. దూరంగా మెట్ల మీద, విడిగా పెట్టిన పళ్లెం పట్టుకుని కూర్చున్న కళావతి వంక చూసి సుజాత, “నీకేమక్కా! రాణి లెక్క ముందు సీట్ల గూసుని, వండింది తినుడు,” అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వులో పుల్ల విరిచినట్టు చప్పుడైంది.

కళావతి ముద్ద పళ్లెంలోనే పెట్టేసింది. నిజమే. తను నిద్రపోయినంతసేపూ ఆ పని ఎక్కడికీ పోలేదు. తన చేతుల్లోంచి జారి సుజాత చేతుల్లో పడింది. ఈ ఇంట్లో ఒక ఆడది ఊపిరి పీల్చుకోవాలంటే ఇంకో ఆడది ఊపిరి బిగపట్టాలి. మగవాళ్ల గది దాకా అది ఎన్నడూ రాదు.

రెండో రోజు పొద్దున సుజాత చెయ్యి కాలింది. గంజి ఒలికి, మణికట్టు నుంచి మోచేతి దాకా బొబ్బలు. రాంబాబు చూసి, “సూసుకోని చెయ్యొద్దా?” అన్నాడు. దూరం నుంచే కళావతి పళ్ల పేస్టు ట్యూబు విసిరితే సుజాత పట్టుకుంది. పూసుకుని, చెయ్యి ఊదుకుంటూ మళ్లీ గరిటె తీసుకుంది. ఆ మధ్యాహ్నం సుశీలమ్మ, వాచిన కాళ్లు చాపుకుని, కళావతికి మూరెడు దూరంలో మెట్టు మీద కూర్చుంది. కొండ వైపు చూస్తూ, ఎవరితోనో అన్నట్టు అంది. “నా గర్భసంచి తీపిచ్చి ఇరవై ఏండ్లాయె. అంతకుముందు నెలకు మూడు దినాలన్న ఓ మూలకు గూసుండేదాన్ని. అది తీపిచ్చినంక ఒక్క పూటన్న పొయ్యి కాడికెల్లి లేవనిచ్చింది లేదు ఎవ్వరు.” కళావతి తల తిప్పి చూసేలోపు లేచి, “తిన్న పళ్లెం కడిగి బోర్లబెట్టు, గట్లనే పెడతవేంది,” అని కసురుకుంటూ పోయింది.

కాఠ్మండూ చేరాక, మైల ఐదో రోజున కళావతి తలంటు పోసుకుంది. పశుపతి గుడిలో పూజారి చెంబు అందుకుని గోదారి నీళ్లు లోపలికి తీసుకెళ్తుంటే పిచ్చయ్య పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపు చూసి కళావతీ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆయన మీద ఆమెకు ఎప్పుడూ కోపం లేదు. అదే చిక్కు. కోపం తెచ్చుకోవడానికి సరిగ్గా ఒక మనిషి దొరకడు ఆ ఇంట్లో.

తిరుగు ప్రయాణం పొద్దున సత్రం పెరట్లో సుజాత పులిహోర కలుపుతోంది, ఎడంచేత్తో. కుడిచేతి బొబ్బలు చితికి రసి కారుతున్నాయి. కళ్ల కింద నల్లగా దిగిపోయింది. చంటివాడు కాళ్ల దగ్గర పడి నిద్రపోతున్నాడు. సుశీలమ్మ కేకలేస్తోంది. “కళావతీ, నీది అయిపోయింది గదా, ఇగ సుమోల ఎక్కు. మూడో బండ్ల పెట్టెలొక్కటే పోతయి.”

బొలేరో ముందు తలుపు తెరిచే ఉంది. స్రవంతి అప్పుడే ఎక్కి కూర్చుంది. పూల్‌సింగ్ అద్దం తుడుస్తున్నాడు. దిగే దారంతా కొండలు కనబడతాయని నిన్ననే చెప్పాడు. మళ్లీ కనబడిందని ఒక్క అబద్ధం ఆడితే చాలు. నోటి చివర ఉంది ఆ మాట. సుజాత గిన్నె ఎత్తబోయి, ఎత్తలేక, మళ్లీ కింద పెట్టింది.

కళావతి వెళ్లి ఆమె చేతిలో గరిటె లాక్కుంది. పెరటికీ, మెట్ల మీది మగవాళ్లకూ వినబడేలా, తరగతి గదిలో వాడే గొంతుతో అంది.

“అత్తమ్మా! సుజాత బయట జేరిందంట.”

సుజాత తెల్లబోయి చూసింది. నోరు తెరిచింది. కళావతి గరిటె పట్టుకున్న చేత్తోనే ఆమె భుజం గట్టిగా నొక్కింది. ఆ నోరు మెల్లగా మూతపడింది. ఆ తర్వాత సుజాత, చేతిలో ఉన్న మసిగుడ్డను కింద పడేసింది.

సుశీలమ్మ నడుచుకుంటూ వచ్చింది. సుజాత మొహం చూసింది. కాలిన చెయ్యి చూసింది. కళావతి వైపు తిరిగి, రెప్ప వేయకుండా చూసింది. ఎన్నో పురుళ్లూ మైలలూ చూసిన మనిషి.

“గోలీలు మింగినా గిట్లనేనా? ఏం కోడండ్లు దొరికిండ్రే నాకు!” అని అరిచింది సుశీలమ్మ, మెట్ల వైపు తిరిగి. తర్వాత గొంతు తగ్గించి, “మూడో బండ్ల ఎక్కుమను దాన్ని, సుమోల ప్రసాదమున్నది. చంటోణ్ని ఇటియ్యి, నేను పట్టుకుంట,” అని పిల్లాణ్ని భుజాన వేసుకుని పోయింది.

రాంబాబు దూరంగా ఆగి, “నీకు ముందే తెల్వదా?” అంటున్నాడు.

సుమో వెనక అడ్డం సీట్లో పిల్లల మధ్య సర్దుకుంది కళావతి, కాళ్ల దగ్గర పులిహోర గిన్నె, చేతిలో కవర్లు. పక్క అద్దం వైపు పిల్లల తలలు. చూడటానికి మిగిలింది వెనక తలుపు అద్దం ఒక్కటే, దుమ్ము పట్టి ఉంది. వెనకాలే బొలేరో వస్తోంది. అరచేత్తో తుడిస్తే కనబడింది. పూల్‌సింగ్, నడుమ స్రవంతి, కిటికీ పక్కన సుజాత. అందులో గెలిచిన సంతోషమేమీ తోచలేదు కళావతికి. రేపు ఇంటికి పోయాక ఈ అబద్ధం కూడా పనికిరాదు, అక్కడ మూడో బండి లేదు. ఈ పిల్ల పెద్దదయ్యేనాటికి తన దగ్గర ఇంతకంటే మంచి ఉపాయం ఉంటుందా అంటే, తెలియదు.

ఒక మలుపు తిరిగేసరికి బొలేరో వెనక, ఆకాశం సగానికి, కొండలు లేచాయి. ఒకటి కాదు, వరస మొత్తం. స్రవంతి బండి పక్కనున్న చిన్న అద్దంలో వాటిని చూసి, చెయ్యి చాపి, చిన్నమ్మ వైపు తిరిగింది. సుజాత తల కిటికీకి ఆనించి, నోరు కొద్దిగా తెరిచి, కాలిన చెయ్యి ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని నిద్రపోతోంది. చూపించాలని స్రవంతి ఆమె భుజం మీద చెయ్యి వేయబోయింది.

రెండు బండ్ల అద్దాల అవతల నుంచి కళావతి అరచెయ్యి ఎత్తింది. వద్దు.

“పడుకోనియ్యి,” అంది. వినబడదని తెలిసీ అంది. స్రవంతి తల్లి పెదవుల వంకే చూసి, చేతిని వెనక్కి తీసుకుంది.